ఎండ చూసిన సెంచా

మా నాయనకు టీ తాగే అలవాటు లేదు. చెబితే ఎవరూ నమ్మరు గానీ నిజం. తాత కాలం నుంచి మద్రాసు మన్నడిలో టీ పొడి టోకున అమ్మిన ఇల్లు మాది. రాయపురం చేపల రేవు దగ్గరి కొట్లలోనూ, వ్యాసర్పాడి రైల్వే యార్డు కూలీలు నిలబడి తాగే బంకుల్లోనూ మా పొడే మరిగేది. ఆయన మాత్రం పొద్దున్నే చల్లటి రాగి అంబలి తాగి అంగడికి బయలుదేరేవాడు. ఆయనకు టీ అంటే నోట్లో వేసుకుని ఊసేసే వస్తువు. చెంచాతో జుర్రున లాగి, నోట్లో ఒక చుట్టు తిప్పి, కాళ్ళ దగ్గరున్న రేకు డబ్బాలో ఊసి, "నీలగిరి పొడి ఇంకో పిడికెడు పడాల" అనేవాడు. ఆ పిడికెడు పడ్డాక ఇక ఆ పొడికి వంక పెట్టినవాడు లేడు.

నాలుక చేసేది సగం పనే. అసలు పని ముక్కుది. పొడిని పిడికిట్లో బిగించి, బొటనవేలి సందులో నోరు పెట్టి, హా అని వేడిగా ఊది, వెంటనే అక్కడే ముక్కు ఆనించేవాడు. ఆ వెచ్చటి ఆవిరికి పొడిలోని వాసనంతా పైకొస్తుంది. ఏ కొండ సరుకు, కోతప్పుడు వాన పడిందా, లారీలో పక్కన మిరియాల మూట ఏమైనా ఉందా, అన్నీ చెప్పేసేవాడు. మా అంగడి మొత్తం ఆ ముక్కు మీద నడిచింది. మా చదువులు, అక్క పెళ్ళి, ఇంటి మీద ఇంకో అంతస్తు, అన్నీ ఆ ముక్కు చలవే.

ఇది ఎలా గట్టెక్కామో చెప్పే కథ అనుకుంటే పొరపాటు. మేము గట్టెక్కలేదు. నాకు ఆశ అనే సరుకు మీద మొదట్నించీ అంత నమ్మకం లేదు, ఆ ఏడాది తర్వాత అసలు లేకుండా పోయింది.

ఊరి పేరు మద్రాసు నుంచి చెన్నై అయిన కొత్తల్లో మా గిరాకీ పడిపోవడం మొదలైంది. పాత బంకులవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు రావడం మానేశారు. "కంపెనీ ప్యాకెట్టు వచ్చె, అంతా పోయె" అని ఇంట్లో అందరం ఒకే పాట పాడేవాళ్ళం. చిన్నాయన, అంటే నాయన తమ్ముడు, అంగడిలో సగం వాటాదారు. ఆయనకు టీ మీద ప్రేమా లేదు, పగా లేదు. ఒకరోజు భోజనాల దగ్గర తేల్చేశాడు.

"అన్నా, ఇంకా ఈడ కూచోని పిడికిలి ఊదుకుంటా ఉంటే ఎట్ట? ప్లాస్టిక్ సామాను పెడదాం. బకెట్లు, మగ్గులు, కుర్చీలు. పురుగు పట్టేది లే, చెమ్మ పట్టేది లే. దుమ్ము తుడిస్తే చాలు."

"టీ పోతే ఆడ నేనెందుకు రా? నన్ను కూడా ఒక బకెట్లో పెట్టి అమ్మేస్తావా?" అన్నాడు నాయన.

నవ్వించడానికే అన్నాడు. ఎవరూ నవ్వలేదు. చివరకు ఉగాది దాకా చూద్దాం, ఈలోగా టీకి కొత్త దారి ఏదైనా దొరికితే సరే, లేకపోతే ప్లాస్టిక్కే అని ఒప్పందమైంది. ఒప్పుకున్నప్పుడు నాయన చెయ్యి సాంబారు అన్నంలో ఊరికే తిరుగుతూనే ఉంది. తినలేదు.

ఆ కొత్త దారి కీల్పాకం నుంచి ఫోన్ రూపంలో వచ్చింది. మా దగ్గర పాతికేళ్ళుగా పొడి కొనే ఒక తెలుగావిడ తన మేడ మీది భాగాన్ని ఒక జపాను ఇంజనీరు కుటుంబానికి అద్దెకిచ్చింది. ఊరి బయట ఫ్యాక్టరీలు లేచి, అలాంటి కుటుంబాలు అక్కడక్కడా దిగుతున్న రోజులవి. వాళ్ళు తెచ్చుకున్న టీ అయిపోవస్తోందట. ఎవరైనా నమ్మకమైన వర్తకుడు తెప్పించి పెడితే, ఊళ్ళో ఉన్న జపాను ఇళ్ళన్నీ అక్కడే కొంటాయట. ఫోన్ పెట్టేశాక నాయన ముఖం వెలిగిపోవడం చూసి నాకు సంతోషం కలగలేదు, భయమేసింది. ఆ వయసు మనిషి అంత త్వరగా ఆశ పడకూడదు.

కాలేజీలో చదువుతున్నాను కాబట్టి దుబాసీగా నన్ను వెంటబెట్టుకు పోయాడు. ఆ ఇంజనీరు భార్య ఇంగ్లీషు, నా ఇంగ్లీషు రెండూ కలిపినా ఒక మనిషికి సరిపడా ఉండదు. అయినా ఇద్దరం చేతులతో, నవ్వులతో నెట్టుకొచ్చాం. ఆమె ఒక పొట్టి బల్ల మీద చిన్న చిన్న రేకు డబ్బాలు వరసగా పెట్టింది. పచ్చాకు టీ అంటే ఒక్కటే రకం అనుకుని వెళ్ళినవాళ్ళం మేము.

మొదట తీసింది సెంచా. వాళ్ళ ఇళ్ళల్లో ఎక్కువగా తాగేది అదేనట. ఆకులు సూదుల్లా సన్నగా, ముదురు పచ్చగా ఉన్నాయి. మన ఆకును కోశాక వాడబెట్టి, నలిపి, నల్లబడేదాకా పులియనిస్తారు. వాళ్ళు కోసిన వెంటనే ఆవిరి పట్టి ఆ పచ్చదనాన్ని అక్కడికక్కడే ఆపేస్తారు. ఆమె మరిగిన నీళ్ళను ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి వంచి, కాసేపు చల్లారనిచ్చి, అప్పుడు ఆకు మీద పోసింది. "ఏందమ్మణ్ణీ, చల్లారబెట్టి పోస్తా ఉంది?" అని నాయన నా చెవిలో గొణిగాడు. మసిలే నీళ్ళు పోస్తే చేదెక్కుతుందని ఆమె చెప్పింది. తాగితే ముందు కొద్దిగా వగరు, తర్వాత గొంతులో ఒక తీపి. వాసన మాత్రం అప్పుడే కోసిన పచ్చిగడ్డిది.

రెండోది గ్యోకురో. ఈ ఆకు కోతకు మూడు వారాల ముందు నుంచి చెట్ల మీద కప్పు వేసి ఎండ తగలనివ్వరట. దీనికి పోసే నీళ్ళు ఇంకా చల్లగా, గోరువెచ్చన కంటే ఒక్క పిసరు ఎక్కువ. ఇంతా చేస్తే గిన్నెలోకి దిగింది ఒక గుక్కెడు. కానీ ఆ గుక్కెడు పప్పుకట్టు తేటలా చిక్కగా నాలుకంతా పరుచుకుంది. సముద్రపు నాచు వాసన ఒకటి దాని వెనకే వచ్చింది. రాయపురంలో పుట్టి పెరిగిన నాకు ఆ వాసన కొత్త కాదు, టీలో రావడమే కొత్త.

అదే నీడాకును ఈనెలు, కాడలు తీసేసి, రాతి తిరగలిలో మెత్తగా విసిరితే మచ్చా. దాన్ని వేడినీళ్ళలో వేసి వెదురు పుల్లల కుంచెతో నురగ వచ్చేదాకా చిలికింది. వడగట్టేది లేదు, ఆకునే తాగేయాలి. నాయన ఆ పొడిని రెండు వేళ్ళ మధ్య రాసి చూసి మురిసిపోయాడు. మన వ్యాపారంలో పొడి అంటే అన్నిటికంటే అడుగున ఉండే సరుకు. అక్కడ పొడికే పెద్దపీట. "చూడు అమ్మణ్ణీ, మన డస్టు జాతి ఆడ రాజ్యమేలతా ఉండాది" అన్నాడు. ఇది ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తెలియక, చాలా బాగుందంటున్నారు అని చెప్పాను.

తర్వాత వరసగా సాదా రకాలు. ఆలస్యంగా కోసిన ముదురాకు బంచా, రోజువారీ తాగుడుకి, దీనికి మసిలే నీళ్ళు పోసినా పరవాలేదు. ఆకును ఎర్రగా వేయిస్తే హోజిచా, వేరుశెనగలు వేయించిన బాణలి వాసన, నిద్ర చెడగొట్టదని పిల్లలకీ ముసలివాళ్ళకీ ఇస్తారట. వేయించిన బియ్యం కలిపితే గెన్మైచా, అందులో కొన్ని గింజలు పేలి బొరుగుల్లా తెల్లగా తేలుతున్నాయి. చివరగా కుకిచా, ఒట్టి కాడలు. దాన్ని చూసి నాయన పెద్దగా నవ్వేశాడు.

"మన పొడిలో రెండు పుల్లలు కలిస్తే దొంగ అంటారు. వీళ్ళు పుల్లలకే పేరు పెట్టి అమ్ముతా ఉండారే!"

ఇదీ నేను ఇంగ్లీషులోకి మార్చలేదు.

ఆ రెండు గంటలూ ఆమె ప్రతి డబ్బా మూత తీసి ముందు ఆయన ముక్కు దగ్గర పెట్టింది. ఆయన మర్యాదగా గాలి పీల్చి తల ఊపాడు. రంగు గురించి మాట్లాడాడు, ఆకు చుట్టిన తీరు గురించి, చేతిలో బరువు గురించి మాట్లాడాడు. వాసన గురించి ఒక్క మాట అనలేదు. పరాయి ఇంట్లో, పరాయి సరుకు ముందు తొందరపడి తీర్పు చెప్పడం ఇష్టంలేక అనుకున్నాను. వచ్చేటప్పుడు ఆమె ఏడు రకాలూ చిన్న డబ్బాల్లో పోసి ఇచ్చింది. ముందు కొంచెం సెంచా తెప్పించండి, నేను మీ అంగడికి వచ్చి చూస్తాను, నచ్చితే మా వాళ్ళందరికీ చెబుతాను అంది. ఎలా నిలవ చేయాలో ఆమె చెప్పలేదు. అది చెప్పాల్సిన విషయమని ఆమెకు తోచి ఉండదు. సరుకు నిలవ గురించి ఇంకొకరిని అడగాలని మా నాయనకూ తోచదు.

హార్బరు ఏజెంటు ద్వారా సెంచా పెట్టె వచ్చేసరికి కార్తీక మాసం, విడవని ముసురు. పెట్టె అట్ట చెమ్మకి మెత్తబడింది. ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. ఓడ దిగిన సరుకు ఏదైనా, వానకాలంలో ఇంటికొచ్చిన సరుకు ఏదైనా, మేడ మీద ఒక ఎండ చూడకుండా గోడౌనులోకి పోకూడదు. టీతో పాటు మిరపకాయలు, ధనియాలు, చింతపండు కూడా అమ్మిన తాత పెట్టిన కట్టడి అది. చెమ్మపట్టిన టీ డస్టును కూడా అలాగే ఎండబెట్టేవాళ్ళం, దానికేమీ అయ్యేది కాదు. ముసురు విడిచి ఎండ పెళ్ళున కాసిన రోజున నాయన లోపలి రేకు సంచి కత్తిరించి, ఉతికిన తన పంచె మేడ మీద పరిచి, ఆ పచ్చటి సూదుల్ని తన చేత్తోనే పలచగా నెరిపాడు. పనివాళ్ళని ముట్టుకోనివ్వలేదట. పొద్దుగూకేదాకా కాకుల్ని తోలుతూ అక్కడే కూర్చున్నాడట. ఇదంతా అమ్మ చెప్పింది.

కాలేజీ నుంచి వచ్చి మెట్లెక్కుతుంటేనే నాకు వరిగడ్డి వాసన వచ్చింది. ఎవరింట్లో ఆవును కట్టేశారా అనుకున్నాను. పైకి వెళ్ళి చూస్తే పచ్చదనమంతా పోయి, ఆకు పసుపుకీ మట్టిరంగుకీ మధ్యన ఎక్కడో ఉంది. కీల్పాకంలో నేను పీల్చిన పచ్చిగడ్డి వాసన లేదు. ఆ తీపి లేదు. ఎండుగడ్డి, అంతే.

"నాయనా, వాసన మారిపోయింది" అన్నాను.

ఆయన ఒక పిడికెడు తీసి, బిగించి, హా అని ఊది, ముక్కు ఆనించాడు. నేను ఆయన ముఖాన్నే చూస్తున్నాను. చిన్నప్పటి నుంచీ ఎన్నో సార్లు చూసిన ముఖం అది. వాసన తగలగానే కనుబొమ్మలు కొద్దిగా లేచి, కళ్ళు పక్కకి తిరిగేవి, ఎవరో లోపలి గదిలోంచి పిలిచినట్టు. ఈసారి కనుబొమ్మలు కదల్లేదు. కళ్ళు నా వైపే ఉన్నాయి, నా ముఖంలో ఏదో వెతుకుతున్నట్టు.

"బాగా దా ఉంది. చెమ్మ పోయింది, అంతే" అన్నాడు. "నీళ్ళలో వేసి చూసినా. రంగు ఎట్ట దిగిందనుకున్నావు! ఆ యమ్మ ఇంట్లో ఒట్టి పాలిపోయిన రంగు. మన ఎండకి ఆకు పక్వానికొచ్చింది."

అప్పుడు తెలిసింది నాకు. పాలు పొంగి పొయ్యి మీద మాడిపోతున్నా పక్కనే కూర్చుని పేపరు చదువుకున్నాడని అమ్మ ఎప్పుడో విసుక్కోవడం గుర్తొచ్చింది. గోడౌనులో ఎలుక చచ్చినప్పుడు అందరం ముక్కులు మూసుకుంటే ఆయన లోపలికి వెళ్ళి మూటలు లెక్క చూసుకుని రావడం గుర్తొచ్చింది. ఇంకోసారి చెప్పాను, ఇది గడ్డి వాసన నాయనా, ఆమె కనుక్కుంటుంది అని. ఆయనకు కోపమొచ్చింది.

"నీకేం తెలుసు? నీ వయసంత కాలం నేను దీంట్లో ఉండా" అన్నాడు. ఆయన నా మీద గొంతు లేపడం చాలా అరుదు. ఆ గొంతులో నాకు వినబడింది కోపం కాదు, భయం.

ఇంజనీరు భార్య వచ్చింది. అంగడి కడిగించి, వాసన టీకి అంటుకుంటుందని ఊదొత్తి మాత్రం వెలిగించకుండా ఎదురుచూశాడు నాయన. ఇలాంటి జాగ్రత్తలకేం తక్కువ లేదు. చిన్నాయన కూడా ఆ రోజు కొత్త చొక్కా వేసుకుని నిలబడ్డాడు. పాపం, ఆయనా మంచే కోరాడు. నాయన పిడికెడు ఆకు తీసి, తన పద్ధతిలో ఊది, ఆ పిడికిలి ఆవిడ ముఖం ముందు చాపాడు. అంత దగ్గరగా చాపిన మగవాడి చేతిని చూసి ఆవిడ ఒక్క క్షణం తడబడింది. తర్వాత వంగి వాసన చూసింది.

ఇంకోసారి చూసింది. తర్వాత నా వైపు తిరిగి, చాలా మెల్లగా, ఎండలో పెట్టారా అని అడిగింది.

నాయన అందులో 'సన్' అన్న ఒక్క మాట పట్టుకున్నాడు. నేను తెలుగులో చెప్పక ముందే ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని, "నేను, నేను. నా చేత్తోనే" అన్నాడు. ఆమెకు అర్థమైంది. నవ్వింది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ నచ్చదు, అందులో ఏ తప్పూ లేకపోయినా. నడుము వంచి దణ్ణం పెట్టి, ఇంత శ్రమ తీసుకున్నందుకు కృతజ్ఞతలని చెప్పి, ఒక చిన్న పొట్లం కట్టించుకుని కారెక్కి వెళ్ళిపోయింది.

"చూస్తివా, వంగి దణ్ణం పెట్టింది" అన్నాడు నాయన చిన్నాయనతో.

ఆ తర్వాత కీల్పాకం నుంచి ఫోన్ రాలేదు. నాయన అడిగించలేదు. ఫోన్ మోగితే మాత్రం తల ఎత్తేవాడు. మేడ అద్దెకిచ్చిన ఆ తెలుగావిడ అంగడికొచ్చి ఎప్పటిలా తన పొడి తీసుకుని, జపాను వాళ్ళ మాట ఎత్తకుండా వెళ్ళిపోయాక, తల ఎత్తడం కూడా మానేశాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం అందరూ పడుకున్నాక నన్ను హాల్లోకి పిలిచాడు. ఇంజనీరు భార్య ఇచ్చిన ఏడు డబ్బాలు చాప మీద పెట్టి ఉన్నాయి. కండువా మడిచి కళ్ళకు కట్టుకున్నాడు.

"ఒక్కోటి తీసి ముక్కు కాడ పెట్టమ్మణ్ణీ. ఏది ఏదో చెప్పకు."

మొదట హోజిచా పెట్టాను. అన్నిటిలోకీ ఘాటైనది, తలుపవతల ఉన్నవాళ్ళకి కూడా తెలిసేది. నా ముక్కుకైతే వేయించిన వాసన గట్టిగా కొడుతోంది. ఆయన గట్టిగా పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. ఎదురుచూశాడు.

"మూత తీసినావా?"

"తీసినా నాయనా."

నేను గెన్మైచా పెట్టాను, గ్యోకురో పెట్టాను. డబ్బా మారినప్పుడల్లా ఆయన ఒకే రకంగా గాలి పీల్చాడు. అన్నీ అయ్యాక చెయ్యి చాపి, డబ్బాల్లో వేళ్ళు పెట్టి తడిమి, ఇది కాడలు, ఇది బియ్యం కలిపింది, ఇది నీడాకు అని వరసగా చెప్పాడు. అన్నీ సరిగ్గానే చెప్పాడు. వేళ్ళకి తెలుసు. తర్వాత కండువా విప్పుకున్నాడు.

"టైఫాయిడ్ వచ్చింది గదా నాకు, అప్పుడు పోయింది. వస్తాదిలే అని చూసినా. రాలే."

టైఫాయిడ్ వచ్చింది నేను స్కూల్లో ఉన్నప్పుడు. అంటే అన్నేళ్ళుగా ఆయన పిడికిలి ఊదుతున్నాడు, ముక్కు ఆనిస్తున్నాడు, తల ఊపి ఇంకో పిడికెడు నీలగిరి పడాలంటున్నాడు. రంగు చూసి, పాత అలవాటు చూసి, మూట మీది గుర్తు చూసి. డాక్టరుకు చూపిద్దాం నాయనా అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఎప్పుడో మాకు తెలియకుండా జనరల్ ఆస్పత్రికి వెళ్ళి చూపించుకున్నాడట. ఇంక రాదని చెప్పి పంపేశారట.

"మరి చెప్పలేదేం నాయనా?"

"ఏమని చెప్పేది? ముక్కు లేనోడు కలిపిన పొడి ఎవురు కొంటారు?"

కాసేపు డబ్బాల మూతలు ఒక్కొక్కటే నొక్కి పెడుతూ కూర్చున్నాడు. అప్పుడు చెప్పాడు, నా వైపు చూడకుండా, "ప్యాకెట్టు వల్ల కాదమ్మా. వ్యాసర్పాడి వాళ్ళు మానుకునేటప్పటికి ఈడ ప్యాకెట్టు లేదు. నా పొడి దా బాగలేక పోయినారు వాళ్ళు. ఒకడు మొగం మీదే చెప్పినాడు, అయ్యా, మీ చాయ్‌లో మునపటి మణం లేదు అని. నేను వాణ్ణి తిట్టి పంపినా."

మణం అంటే తమిళంలో పరిమళం. అన్నేళ్ళు ఇల్లంతా ప్యాకెట్టును తిడుతుంటే ఆయన మా మధ్యే కూర్చుని వింటూ అన్నం తిన్నాడు, ఒంటరిగా. అది తలుచుకుంటే నాకు ఏడుపు కంటే ముందు కోపం వస్తుంది. ఎవరి మీదో తెలియదు.

ఉగాది దాకా ఆగలేదు. మర్నాడు పొద్దున ఆయనే చిన్నాయనతో బకెట్లు తెప్పించు అన్నాడు. చిన్నాయన ఆశ్చర్యపోయి, "ఏందన్నా, ఇంకా టైముంది గదా" అన్నాడు. "వద్దులే" అన్నాడు నాయన. కారణం అడిగితే ప్యాకెట్టు అన్నాడు. అది ఆయన మాట, ఆయనకే వదిలేశాను.

టీ గోనెలు పోయి, అంగడి కప్పు దాకా ప్లాస్టిక్ సామాను నిండింది. నీలం బకెట్లు, ఎర్ర మగ్గులు, ఒకదానిలో ఒకటి దూర్చిన కుర్చీలు. ఎండ ఎక్కేకొద్దీ ఆ కొత్త ప్లాస్టిక్ కంపు గొంతులో దిగేది. చిన్నాయనకు రోజూ తలనొప్పి, గంటకోసారి బయటికి వెళ్ళి నిలబడేవాడు. పనివాళ్ళు ముఖానికి గుడ్డ కట్టుకునేవాళ్ళు. నేను అన్నం క్యారియరు గుమ్మంలోనే ఇచ్చి వచ్చేసేదాన్ని. నాయన మాత్రం వాటి మధ్యలో కుర్చీ వేసుకుని, పొద్దున్నుంచి సాయంత్రం దాకా కదలకుండా కూర్చునేవాడు. ఆయనకు ఏ ఇబ్బందీ ఉండేది కాదు.